తుమ్మ కొమ్మలు కోస్తుంటే చైన్ సా మీదికి తన్నింది, ముందున్న గార్డు పీకేయమంటున్నారు. తీయొచ్చా?

హాలియా_బత్తాయి

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద. బత్తాయి తోట ముసలిదైంది. వేరుకుళ్లు పట్టి చెట్లు వరసగా ఎండిపోతుంటే, ఈ ఎండాకాలం మొత్తం తీసేసి దున్నిద్దామని నాన్న నిర్ణయించారు. గట్ల పొడవునా సర్కారు తుమ్మ కమ్ముకుంది, అదీ తీయాలి. కూలీలు దొరకడం లేదు, దొరికినా రేటు గిట్టడం లేదు. అందుకని 58 సీసీ పెట్రోల్ చైన్ సా కొన్నాం. 22 అంగుళాల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి రేకు) వచ్చింది. బార్ ఎంత పెద్దదైతే పని అంత తొందరగా అవుతుందని షాపులో చెప్పారు.

బత్తాయి మొదళ్లు కోసినంతసేపు బాగానే ఉంది. మొన్న మా బావమరిది గట్టు మీద తుమ్మ కొమ్మలు కోస్తుంటే మిషన్ ఒక్క ఉదుటున పైకి లేచి అతని మీదికి తిరిగింది. ఎందుకు లేచిందో అతనికీ తెలియలేదు, పక్కనే ఉన్న నాకూ అర్థం కాలేదు. బార్ వచ్చి ఎడమ భుజానికి తగిలింది. చొక్కా మీద నల్లటి ఆయిల్ మరక పొడుగ్గా పడింది, లోపల చర్మం కమిలింది. తెగలేదు, దేవుడి దయ.

తర్వాత రేజు ఇస్తే ఇంజన్ మోత వస్తోంది గానీ చైన్ తిరగలేదు. చూస్తే ముందు హ్యాండిల్ దగ్గరున్న ప్లాస్టిక్ గార్డు ముందుకు పడి ఉంది. వెనక్కి లాగితే టక్‌మని శబ్దం వచ్చి మళ్లీ తిరిగింది. మా ఊళ్లో చెట్లు కోసే మేస్త్రి ఒకాయన చూసి, "ఆ గార్డు ఊకే పడిపోయి పని ఆపుతది, విప్పి పీకెయ్యండి, మేమందరం పీకేసే వాడుతం" అన్నాడు. అమ్మకేమో టెన్షన్ పట్టుకుంది, మిషనే అమ్మేయమంటోంది. గార్డు తీయొచ్చా? అసలు మిషన్ ఎందుకు తన్నింది? తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_మిషన్_షెడ్డు

తమ్మీ, ఆ గార్డు జోలికి పోవద్దు. మీ బావమరిది చొక్కా ఉతకకముందే తీసుకెళ్లి ఆ మేస్త్రికి చూపించు. తిరుగుతున్న చైన్ తగిలితే మరక పడి ఊరుకోదు. చొక్కా, చర్మం, కండ అన్నీ ఒకే దెబ్బకు లేచిపోతాయి. బార్ భుజం దాకా వచ్చేలోపే చైన్ ఆగింది కాబట్టి కమిలింది, అంతే. ఆపింది ఆ పడిపోయిన గార్డే. జనం గార్డు అంటారు గానీ అది బ్రేకు. క్లచ్ డ్రమ్ము చుట్టూ ఒక ఉక్కు పట్టీ ఉంటుంది, గార్డు ముందుకు పడగానే స్ప్రింగు ఆ పట్టీని బిగించేస్తుంది. ఎడమ మణికట్టు తగిలినా పడుతుంది, మిషన్ గట్టిగా ఎగిరితే ఆ కుదుపుకు దానంతటదే పడుతుంది. మొన్న మీ దగ్గర అది చెయ్యాల్సిన పనే చేసింది. గార్డు పీకేసిన మిషన్ నా షెడ్డుకు వస్తే, ముందు గార్డు బిగిస్తానంటేనే చెయ్యి పెడతాను. ఒప్పుకోనివాళ్లు వేరే షెడ్డుకు పోతారు, పోనీ.

ఇక తన్నడం సంగతి. మిషన్ ఆపి, బార్ ముక్కు ఒకసారి దగ్గరగా చూడు. చైన్ పై అంచు మీద ఇంజన్ నుంచి ముక్కు వైపు పరుగెత్తి, ముక్కు చుట్టూ తిరిగి, కింది అంచు మీద మళ్లీ ఇంజన్ వైపు వస్తుంది. ఆ గుండ్రంలో పై సగం ఉంది చూశావా, తంటా అంతా అక్కడే. అక్కడ పళ్లు ముందుకు పోతూ కిందికి తిరుగుతుంటాయి. ఆ భాగానికి కట్టె తగిలి పన్ను పట్టేసిందంటే, చైన్ ముందుకు పోలేక ఆ బలమంతా తిరగబడి బార్‌ను పైకీ వెనక్కీ విసురుతుంది. వెనక ఉండేది మనిషే కదా. నిండు రేజులో చైన్ సెకనుకు 20 మీటర్ల దాకా పరుగెత్తుతుంది, మనం తేరుకునేలోపే అంతా అయిపోతుంది. "గట్టిగా పట్టుకుంటే ఏం కాదు" అనేవాళ్లు చాలామంది ఉంటారు. గట్టిగా పట్టుకోవాల్సిందే, కానీ పట్టు ఒక్కటే దాన్ని ఆపలేదు.

బత్తాయి కోసినప్పుడు ఏమీ కాకుండా తుమ్మ దగ్గరే ఎందుకు తన్నిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. బత్తాయి మొదలు పెద్ద లావుండదు, చుట్టూ ఖాళీ. ముక్కు అవతల గాలిలో ఉంది. సర్కారు తుమ్మ అలా కాదు, ఒకే మొదట్లోంచి గుంపుగా లేచి ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటుంది. కళ్లు కోస్తున్న కొమ్మ మీద ఉంటాయి, ముక్కు దాని వెనకాల ఇంకో కొమ్మను పొడుస్తుంది. 22 అంగుళాల బార్ పెట్టి 3 అంగుళాల కొమ్మ కోస్తే, అవతల మిగిలిన బార్ ఏం చేస్తోందో ఎవరికి కనపడుతుంది? పెద్ద చెట్టు పడగొట్టేటప్పుడు అందరికీ భయం ఉంటుంది, ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. పడ్డ చెట్టుకు కొమ్మలు కొట్టేటప్పుడు కబుర్లు మొదలవుతాయి. దెబ్బలు తగిలేది అక్కడ. చూపు కోత మీద కాదు, ముక్కు మీద ఉండాలి. ముక్కు కనపడని చోట మిషన్ పెట్టొద్దు.

అందుకే నేనైతే మొదట బార్ మార్చమంటాను. మీ తోటకు, గట్లకు 16 అంగుళాలు చాలు. పిచ్ (చైన్ లింకుల ఎడం), గేజ్ (చైన్ కూర్చునే బార్ గాడి వెడల్పు) పాత బార్ మీద చెక్కి ఉంటాయి, అవే చూసి కొత్త బార్, దానికి సరిపడా పొట్టి చైన్ తీసుకో. తుమ్మ దగ్గర ముందుగా ముళ్ల కంప, సన్న కొమ్మలు కత్తితో కొట్టి పక్కకు లాగెయ్యండి. రెండు వేళ్ల మందం కొమ్మకు మిషన్ ఎందుకు? అలాంటి సన్నవే చైన్‌లో చిక్కుకుని ముఖం మీద కొడతాయి.

పట్టు గురించి ఒక్క సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎడమ చేతి బొటనవేలు ముందు హ్యాండిల్ కిందినుంచి చుట్టి రావాలి. నాలుగు వేళ్ల పక్కన దాన్ని కూడా పైనే ఆనిస్తే మిషన్ ఎగిరినప్పుడు హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. మోచెయ్యి మడవకుండా చాపి ఉంచాలి. తలా, మెడా బార్‌కు నేరుగా పైన ఉండకూడదు, మనిషి కొంచెం ఎడమకు జరిగి నిలబడాలి. భుజం కంటే ఎత్తులో కోత వద్దు, నిచ్చెన మీద వద్దు, ఒంటి చేత్తో అసలే వద్దు. రేజు నిండుగా ఇచ్చాకే కట్టెకు ఆనించాలి. మెడలో తువ్వాలు, లుంగీ, హవాయి చెప్పులు ఇంట్లో పెట్టి రండి.

మీ చైన్ కొత్తదేనా, ఎవరైనా పదును పెట్టారా? పళ్లు కనపడేలా దగ్గరగా ఫోటో పెట్టు.

మక్తల్_బొగ్గు_బట్టీ

మేం బొగ్గు బట్టీలకు తుమ్మ కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాశాయి. మా మిషన్లకు బ్రేకూ లేదు, గీకూ లేదు. చేతిలో పని ఉండాలి గానీ ప్లాస్టిక్ ముక్క మనిషిని కాపాడుతుందా? బ్రేకు ఉన్నా తన్నేది తన్నుతుంది, అది ఆయన కూడా ఒప్పుకోవాలి. గుబురులో ఆకు తగిలినా కొన్ని మిషన్లకు గార్డు పడిపోతుంది, రోజంతా దాన్ని లాగుతూ కూర్చుంటే బట్టీ ఎప్పుడు పేర్చాలి?

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మన దిక్కు తుమ్మకు, వేపకు మొదట్లో చెదమట్టి పట్టి ఉంటుంది. దాన్ని కొడవలితో గీకి, బెరడు శుభ్రం చేసి కొయ్యాలి. మట్టిలో ఒక్క కోత కోసినా చైన్ మొద్దుబారుతుంది. మొద్దు చైన్‌కు బలం పెట్టి నొక్కుతారు, నొక్కినప్పుడే జారి ముక్కు ఎక్కడో తగులుతుంది. పొట్టు పొరలు పొరలుగా రావాలి. పిండిలా వస్తుంటే మిషన్ ఆపి ఆకురాయి పట్టండి.

గట్టు మీది తుమ్మలో పాత ముళ్లతీగ ఉంటుంది, అది కూడా చూసుకోండి. కంచె వేసినప్పుడు చెట్టుకే కొట్టేస్తారు, చెట్టు పెరిగి తీగను మింగేస్తుంది. బయటికి కనపడదు.

జడ్చర్ల_మిషన్_షెడ్డు

కాకా, చెదమట్టి మాట బంగారం లాంటి మాట, తీగ మాట కూడా. బ్రేకు తన్నును ఆపదు, అదీ నిజమే. తన్నిన తర్వాత చైన్‌ను ఆపుతుంది. ఈ పిల్లవాడి బావమరిదికి అదే పనికొచ్చింది కదా! ఆకు తగిలితే గార్డు పడిపోతోందంటే అది పీకాల్సిన గార్డు కాదు, బాగు చేయించాల్సిన గార్డు. చాలాసార్లు లోపల స్ప్రింగు దగ్గర పొట్టు, ఆయిల్ కలిసి గట్టిపడి ఉంటుంది, లేదా గార్డును పట్టి ఉంచే గాడి అరిగి ఉంటుంది. కవర్ విప్పి బ్రష్షుతో ఊడిస్తే సగం మిషన్లు దారికొస్తాయి.

బ్రేకు పని చేస్తోందో లేదో చూసుకోవడం కష్టమేమీ కాదు. మిషన్ నేల మీద పెట్టి, బార్ దేనికీ తగలకుండా, రెండు చేతులూ హ్యాండిళ్లు వదలకుండా రేజు ఇచ్చి ఎడమ మణికట్టుతో గార్డును ముందుకు తోయాలి. చైన్ అక్కడికక్కడ ఆగిపోవాలి. జారుతూ జారుతూ ఆగితే పట్టీ అరిగినట్టు. రెండోది కుదుపు పరీక్ష, ఇది ఇంజన్ ఆపి చెయ్యాలి. గార్డు వెనక్కి లాగి ఉంచి, మిషన్‌ను ఒక మొద్దు మీద అడుగున్నర ఎత్తులో పట్టుకుని, వెనక హ్యాండిల్ వదలకుండా ముందు చెయ్యి మాత్రం వదిలెయ్యాలి. ముక్కు పోయి మొద్దుకు కొట్టుకోగానే గార్డు పడాలి. పడలేదంటే కుదుపుకు పనిచేసే భాగం చచ్చినట్టే.

స్టార్ట్ చేసేటప్పుడు కూడా బ్రేకు వేసి, మిషన్ నేల మీద పెట్టి, వెనక హ్యాండిల్‌లో కుడి కాలు ముందుభాగం పెట్టి తాడు లాగాలి. చేతిలో వేలాడదీసి లాగేవాళ్లను చూస్తే నాకే భయం వేస్తుంది. రేజు వదిలాక చైన్ నిలబడిపోవాలి, స్లోలో కూడా పాకుతుంటే స్లో స్క్రూ తగ్గించాలి.

హాలియా_బత్తాయి

అన్నా, చాలా థ్యాంక్స్. చొక్కా అమ్మ అప్పటికే ఉతికేసింది, మరక పోలేదు. గార్డు అలాగే ఉంచాం, రెండు పరీక్షలూ చేశాం, పడుతోంది.

చైన్ ఫోటో పెట్టాను. కొత్తదే, కానీ మధ్యలో మొద్దుబారితే ఆ మేస్త్రే పదును పెట్టి ఇచ్చాడు. "గేజు కూడా దించిన, ఇప్పుడు మస్తు కొరుకుతది" అన్నాడు. నిజంగానే బాగా కొరికింది, కొంచెం అదురుతోంది కూడా.

ఇంకొకటి. మొన్నటి గాలిదుమారానికి పొలం మూలన పెద్ద చింతచెట్టు వేళ్లతో సహా ఒరిగి, కొమ్మలు గట్టు మీద ఆని, మొద్దు గాలిలో ఉంది. దాన్ని కూడా మేమే కోయొచ్చా?

జడ్చర్ల_మిషన్_షెడ్డు

ఫోటో చూశాను తమ్మీ. ఇదీ మీ రెండో దొంగ.

ప్రతి పన్ను ముందు చిన్న బొడిపె ఉంటుంది, మేస్త్రి గేజు అన్నది దాన్నే, బార్ మీద చెక్కిన గేజ్ వేరు. నాగలికి కర్రు ఎంత లోతు దిగాలో మేడి పట్టుకున్న చెయ్యి చూసుకున్నట్టు, పన్ను కట్టెలోకి ఎంత దిగాలో ఆ బొడిపె చూసుకుంటుంది. పన్ను మొన కంటే బొడిపె సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, మామూలు చైన్లకు అంతే. మీ చైన్‌లో బొడిపెలు బాగా దిగిపోయాయి, అది కూడా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ. పన్ను కట్టెను కోయడం మానేసి లాగి పట్టేస్తోంది, ఆ అదురుడు దానిదే. పైగా ముక్కు వంపులో తిరిగేటప్పుడు బొడిపె ఇంకా కిందికి పోయి పన్ను ఇంకా పైకి తేలుతుంది. మామూలు చైన్ అయితే రాసుకుని పోయేచోట ఇది పట్టేసి తన్నుతుంది. "మస్తు కొరుకుతది" అంటే ఇదే మరి.

ఆ చైన్ పక్కన పెట్టెయ్. కొత్తది కొనేటప్పుడు తన్ను తగ్గించే రకం అడుగు. దానికి బొడిపె దగ్గర ఇంకో చిన్న మూపు లాంటి లింకు ఉంటుంది. కోత కొంచెం నెమ్మది, ఇంట్లో వాడుకునేవాళ్లకు అదే మేలు. బొడిపెలు దించాల్సి వస్తే గేజు రేకు పెట్టి, దాని మీదికి ఎంత తేలిందో అంతే చదును ఆకురాయితో తియ్యాలి. కంటి అంచనాతో తియ్యొద్దు.

చింతచెట్టు సంగతి నాకంటే అచ్చంపేట వాళ్లు బాగా చెబుతారు.

అచ్చంపేట_రోడ్డు_పని

నల్లమలలో శ్రీశైలం రోడ్డు మీద గాలివానకు చెట్లు పడితే తీసేది మాలాంటి వాళ్లే, కాబట్టి చెబుతున్నాను. ఆ చింత మీరు ముట్టుకోకండి. బావమరిది భుజం ఇంకా నొప్పి తగ్గి కూడా ఉండదు.

ఒరిగిన చెట్టు చచ్చిన చెట్టు కాదు, బిగించిన స్ప్రింగు. మీరు చెప్పినట్టు రెండు చివర్లూ ఆని మధ్య గాలిలో ఉంటే, పై వైపు నొక్కుడు ఉంటుంది, కింది వైపు లాగుడు ఉంటుంది. తెలియక పైనుంచే కోసుకుంటూ పోతే సగంలో కోత మూసుకుని బార్‌ను కరుస్తుంది. దీనికి పైనుంచి మూడో వంతు లోపే కోసి ఆపి, మిగతాది కిందినుంచి పైకి కొయ్యాలి. ఒక చివర మాత్రమే ఆని రెండోది వేలాడుతుంటే దీనికి తలకిందులు: ముందు కిందినుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. కిందినుంచి కోసేటప్పుడు బార్ పై అంచుతో కోస్తాం కదా, అప్పుడు చైన్ మిషన్‌ను మన మీదికి తోస్తుంది. కోత కరుచుకుంటే ఆ తోపు ఒక్కసారి దెబ్బలా వస్తుంది. ముక్కు తన్ను వేరు, ఇది వేరు. ముక్కు పైకి లేస్తుంది, ఇది నేరుగా పొట్ట మీదికి వస్తుంది.

వేళ్లతో లేచిన చెట్టుకు ఇంకో చిక్కు ఉంది. మొద్దు కోసి వేరు చేయగానే వేళ్ల గడ్డ మళ్లీ గుంటలోకి పడొచ్చు, లేకపోతే ఇటు ఒరగొచ్చు. ఆ గుంటలోకి ఎవరూ దిగకూడదు. పిల్లలు ఆడుకోవడానికి పోతారు, మేకలు చింతాకు కోసం వస్తాయి, కాపు పెట్టండి. కొమ్మల్లో కరెంటు తీగ ఇరుక్కుని ఉంటే విద్యుత్ వాళ్లు వచ్చి లైన్ ఆపేదాకా దగ్గరికే పోవద్దు, మోటారు లైన్ అయినా సరే.

కాగితాల మాట కూడా చెబుతాను, తర్వాత బండి ఆపితే బాధపడతారు. మనకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. చెట్టు సొంత పట్టా భూమిలో ఉన్నా కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. చింత, తుమ్మ, బత్తాయి అన్నీ కలిపి ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసులో ఒకేసారి అడిగి రండి, కట్టెను అమ్మే ఆలోచన ఉంటే రవాణా పర్మిట్ సంగతి కూడా.

ఒంటరిగా కొయ్యొద్దు. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి దగ్గర ఫోన్ ఉండాలి, శుభ్రమైన గుడ్డ ఉండాలి. తెగితే గుడ్డ పెట్టి వదలకుండా గట్టిగా నొక్కి పట్టి 108కి ఫోన్ చెయ్యాలి. పసుపు, కాఫీ పొడి అద్దడానికి పరుగెత్తకండి.

మక్తల్_బొగ్గు_బట్టీ

చింత విషయంలో ఈయన మాట వినండి. బ్రేకు విషయంలో నా మిషన్ ఒకటి జడ్చర్లకు పంపిస్తా, గార్డు కొత్తది ఎంతవుతుంది?

జడ్చర్ల_మిషన్_షెడ్డు

కాకా, మోడల్ చెప్పు, తెప్పిస్తా. చైనా మోడళ్లకు కవర్, గార్డు కలిపి సెట్టుగా దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు.

హాలియా_బత్తాయి

16 అంగుళాల బార్, కొత్త చైన్ తెచ్చాం. పిచ్ 0.325 అంగుళాలు అని ఉంది. చింతకు దేవరకొండ నుంచి మనుషులను పిలిపిస్తున్నాం. ఇకనుంచి పదును మేమే పెట్టుకుంటాం, ఆకురాయి ఏ సైజు తీసుకోవాలి అన్నా? కోసినంతసేపు చైన్ వదులైపోతోంది, మళ్లీ మళ్లీ బిగించాల్సి వస్తోంది, అది మామూలేనా?

జడ్చర్ల_మిషన్_షెడ్డు

0.325కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. పన్ను మీద గీసిన గీతకు సమానంగా, 30 డిగ్రీల వాలులో, లోపలినుంచి బయటికి తొయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు ఆనించొద్దు. అన్ని పళ్లకూ ఒకే లెక్కన తోపులు, అప్పుడే అన్నీ ఒకే పొడుగు ఉంటాయి. ఒక వైపు పళ్లు పొట్టివైతే కోత వంకరపోతుంది. బాగా దెబ్బతిన్న పన్ను ఎంత పొడుగు మిగిలిందో, మిగతావన్నీ దానికే సరిచెయ్యి.

వదులవడం మామూలే. కొత్త చైన్ మొదట్లో సాగుతుంది, మన ఎండల్లో వేడికి ఇంకొంచెం. చల్లారాక బిగించు. బార్ కింద చైన్ వేలాడకూడదు, చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. వేడి మీద బిగించావంటే పని అయ్యాక వదులు చేసి పెట్టు, చల్లారితే చైన్ ముడుచుకుని బార్‌ను, షాఫ్టును గుంజుతుంది. ఆయిల్ వస్తోందా అనేది ఒక తెల్లటి మొద్దు ముందు ముక్కు పెట్టి రేజు ఇస్తే తెలుస్తుంది, మొద్దుకు తగలనివ్వకు, సన్నటి గీతలా ఆయిల్ చిమ్మాలి.

22 బార్ పారెయ్యకు. దేవరకొండ వాళ్లు చింత మొదలు కోసేటప్పుడు అడుగుతారు.